ఎర్రరంగు వేసిన సర్వర్

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో సర్వర్లకి చుట్టరికాలు కలిపింది బావ. వాటి అసలు పేర్లు నోరు తిరగని అంకెలూ అక్షరాలూ. బావకి అవి నచ్చలేదు. డేటాబేసులు చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఎడంపక్కన వరసగా కనిపించే పేర్లన్నీ మార్చేశాడు. రోగుల వివరాలున్న పెద్ద సర్వర్ అత్తగారు. చెప్పకుండా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. ల్యాబ్ రిపోర్టులది మేనత్త. ఒక్క మాట అడిగితే పది చెబుతుంది. మందుల షాపుది తోడల్లుడు. పని చేస్తున్నట్టే ఉంటుంది, చేస్తోందో లేదో దేవుడికే తెలియాలి. ఇక కొత్త ప్రోగ్రాములు పరీక్షించుకోవడానికి ఒక సర్వర్ ఉంది. దాన్ని ఎన్నిసార్లు కూలగొట్టినా అడిగే నాథుడు లేడు. దాని పేరు బావమరిది.

అసలు బావమరిది పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు చంటి. తల నెరుస్తున్నా ఆఫీసు మొత్తానికి చంటే. బావ చేతికిందే పని నేర్చుకున్నాడు, బావ వల్లే ఈ ఉద్యోగంలో నిలదొక్కుకున్నాడు. సర్వర్‌కి ఆ పేరు పెట్టినందుకు మొదట్లో అలిగాడు కూడా.

బావకి ఇంకో అలవాటు ఉండేది. అత్తగారికీ మేనత్తకీ తోడల్లుడికీ ఎర్రరంగు వేశాడు. బావమరిదికి ఏ రంగూ లేదు.

"ఎరుపంటే పోతే మళ్లీ రానిదిరా," అనేవాడు. "నీది పోయినా సాయంత్రానికి మళ్లీ తయారు చేసుకోవచ్చు."

వేసవి మొదట్లో బావకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. మెల్లగా తిరిగొచ్చింది కానీ ఒక్కో మాటకీ మధ్యలో పెద్ద ఖాళీ. కుడిచెయ్యి మొండికేస్తోంది. మనిషి మాత్రం ఆఫీసుకి ఎప్పుడు వెళ్దామని పొద్దున లేస్తూనే చొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు. ఆ గదిలోకి మళ్లీ వెళ్తే తప్ప తనకి నయమైనట్టు కాదని ఆయన లెక్క.

విభాగం చూసే మేడమ్ చెడ్డ మనిషేం కాదు. కానీ ఆసుపత్రిలో సర్వర్ ఆగిందంటే ఆపరేషన్ గదిలో డాక్టరు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అందుకే చంటిని పిలిచి ఉన్నమాట చెప్పింది.

"మీ బావగారిని మంగళవారం రమ్మను. నా ఎదురుగా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, సర్వర్లన్నీ ఆయనే తెరిచి బ్యాకప్ సరిగ్గా జరిగిందో లేదో చూసి చెప్పాలి. చెబితే ఆ కుర్చీ ఆయనదే. లేకపోతే పాత ఫైళ్ల గదికి మార్చక తప్పదు."

పాత ఫైళ్ల గది అంటే నేలమాళిగలో ఒక బల్లా, ఒక ట్యూబ్‌లైటూ. అక్కడికి వెళ్లిన వాళ్ల పేరు ఆ తర్వాత పైన ఎవరూ తలుచుకోరు.

ఈలోగా గదిలోకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. బావ పాత మెషిన్‌లోంచి సర్వర్ల వివరాలన్నీ ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లోకి ఇంపోర్ట్ చేసే పని చంటిది. ఆ ఫైలులో అన్నీ వస్తాయి, సర్వర్ పేరు, చిరునామా, చివరికి రంగు కూడా. పాస్‌వర్డ్‌లు మాత్రం రావు. ఫైలు ఎవడి చేతిలోనైనా పడితే కొంప మునుగుతుంది కదా. బావ వాటిని ఎక్కడా రాసుకోడు, సేవ్ చెయ్యడు. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్, అన్నీ తలలోనే. ఆ తలకే ఇప్పుడు దెబ్బ తగిలింది.

అక్క వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. "ఒరేయ్ చంటీ, మొన్న మాత్ర వేసుకుని, వేసుకోలేదని మళ్లీ డబ్బా తీశారు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండట్లేదురా ఆయనకి. ఆ పాస్‌వర్డ్‌లేం గుర్తుంటాయి? కిందకి దించేస్తే మనిషి బతకడు. ఏదో ఒకటి చెయ్యి."

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే చంటికి మంచీచెడూ కనబడదు. అతనికీ సర్వర్ల మీద పూర్తి అధికారం ఉంది. శనివారం వెళ్లి బావ లాగిన్లకి పాస్‌వర్డ్‌లు మార్చేశాడు. అత్తగారికీ మేనత్తకీ తోడల్లుడికీ కలిపి ఒకటే, అక్క ముద్దుపేరూ పెళ్లి సంవత్సరమూ. బావమరిది జోలికి పోలేదు. పరీక్షల సర్వర్‌ని మేడమ్ ఎందుకు చూస్తుందిలే అనుకున్నాడు.

సోమవారం సాయంత్రం బావ పక్కన కూర్చుని చెప్పాడు. "బావా, పాస్‌వర్డ్‌లు మార్చాను. అన్నిటికీ ఒకటే. అక్క ముద్దుపేరు, మీ పెళ్లి సంవత్సరం. గుర్తుంటుంది కదా?"

బావ టీవీ మీంచి చూపు తిప్పి, "సరే," అన్నాడు.

అక్కాతమ్ముళ్లు గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నారు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదని అక్కే అంది. ఇప్పుడు చెప్పిన పాస్‌వర్డ్ మాత్రం చెప్పింది కాదా? ఎన్నో ఏళ్లుగా లోపల ఉన్నది ఉండిపోయి, నిన్న మొన్న వచ్చింది జారిపోతోందని ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నారు. అయినా ఇద్దరు తెలివైనవాళ్లకీ తట్టలేదు. ప్రేమ ముదిరితే బుర్ర సెలవు పెడుతుంది.

మంగళవారం బావ నీలం గళ్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మేడమ్ పక్కనే కుర్చీ వేసుకుంది. చంటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కొత్త కంప్యూటర్ వెలిగింది. తెర మీద ఎడంపక్క పేర్లు కనిపించగానే బావ ముందుకు వంగాడు, ఆపైన నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా నవ్వాడు.

"ఇద్దరు... అత్తగార్లు," అన్నాడు. "ఎవడు... బతుకుతాడు?"

కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు చంటి కంగారులో ఫైలుని రెండుసార్లు ఇంపోర్ట్ చేశాడు. చుట్టాలందరూ రెండేసి దిగారు. బావ ఎడంచేత్తో మౌస్ పట్టుకుని, రెండో వరసని ఒక్కొక్కటే చూసి, అదే చిరునామా అని నిర్ధారించుకుని తీసేశాడు. మేడమ్ కూడా నవ్వింది. చంటికి ప్రాణం లేచొచ్చింది.

బావ అత్తగారి మీద నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది. ఎడంచేతి వేళ్లు మెల్లగా, ఒక్కచోట కూడా ఆగకుండా కదిలాయి. చుక్కలు వరసగా పడ్డాయి. అక్క ముద్దుపేరు అంత పొడుగుండదు.

తప్పు పాస్‌వర్డ్ అని తెర చెప్పింది.

బావ మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పు. మేనత్తని తెరవబోయాడు, తప్పు. తోడల్లుడు, తప్పు. చంటి దగ్గాడు, కళ్లతో సైగ చేశాడు. బావ అటు చూడలేదు. తన చేతివంక చూసుకుంటున్నాడు. చెయ్యి పడిపోయినప్పుడూ, మాట పోయినప్పుడూ కూడా ఆయన మొహం అలా అవలేదు. అన్నీ పోయినా ఇది ఉందనే ధైర్యంతో ఇన్నాళ్లు లేచి కూర్చున్న మనిషి. మెల్లగా చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇదీ... పోయింది," అన్నాడు.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చంటి గోడ వదిలి ముందుకొచ్చాడు.

"మేడమ్, ఆయన తప్పు కాదు. శనివారం నేనే మార్చాను. ఆయన మర్చిపోతారేమోనని అన్నిటికీ తేలిగ్గా ఉండేది ఒకటే పెట్టాను. ఆయన పాతవే కొడుతున్నారు."

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది. "పాతవే కొట్టారని నీకెలా తెలుసు? అవేమిటో నీకు తెలీదుగా. బావగారిని కాపాడుకోవడానికి ఇప్పుడు అల్లిన మాట కాదని ఏమిటి నమ్మకం?"

న్యాయమైన ప్రశ్నే. మార్చింది తనేనని చంటి నిరూపించగలడు. బావ కొట్టింది సరైనదని ఎలా నిరూపిస్తాడు? పాతవాటిని తన చేత్తోనే చెరిపేశాడు. చూపు తెర మీద తిరిగి తిరిగి ఆఖరి పేరు దగ్గర ఆగింది.

"బావమరిది!" అని అరిచాడు. "దాన్ని ముట్టుకోలేదు మేడమ్. దానికి బావ పెట్టిందే ఉంది. దాన్ని తెరిపించండి."

బావ తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఇంటికి... పోదాం."

చంటి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆఫీసని మరిచిపోయాడు. "బావా, మీకేం పోలేదు. నేనే పాడు చేశాను. నా మీద కోపముంటే ఇంటికెళ్లాక తిట్టండి, కొట్టండి. ఈ ఒక్కటీ తెరవండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

బావ అతని నెత్తివంక చూశాడు. తర్వాత ఎడంచెయ్యి మళ్లీ బల్ల మీదికి వచ్చింది. చుక్కలు పడ్డాయి. అవి కూడా తక్కువేం కాదు.

బావమరిది తెరుచుకుంది.

లోపలున్నవన్నీ ఒకదాని కింద ఒకటి విచ్చుకుంటుంటే చంటి నేలమీదే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని, ముందు చెయ్యాల్సిన పని చేసింది. చంటి అధికారాలు కొన్నాళ్లపాటు తీసేస్తున్నానంది. రోగుల సర్వర్‌కి అంత తేలిక పాస్‌వర్డ్ పెట్టినందుకు ఇది చాలా చిన్న శిక్ష అని కూడా చెప్పింది. తర్వాత బావతో, "ముందు వాటికి మంచి పాస్‌వర్డ్‌లు పెట్టండి, ఆ తర్వాత బ్యాకప్ చూద్దాం," అంది. బావ తనకి తోచినవి పెట్టుకున్నాడు. చంటిని గోడవైపు తిరగమని వేలు తిప్పి చూపించాడు. అవి రేపటికి గుర్తుంటాయా అని చంటికి భయం వేసింది, కానీ గోడవైపే నిలబడ్డాడు. బ్యాకప్‌లో తోడల్లుడు ఎప్పట్లాగే సగంలో ఆగిపోయి ఉన్నాడు. అది బావే పట్టుకున్నాడు.

మేడమ్ వెళ్లాక బావ అడిగాడు. "నేను... మర్చిపోతానని... నువ్వూ... అనుకున్నావా?"

"భయపడ్డాను బావా."

బావ తెరవైపు తిరిగి కాసేపు ఏదో చేసుకున్నాడు. ఫైలుని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, చంటికి పంపి, "నీ దాంట్లో... వేసుకో," అన్నాడు. "ఒక్కసారే."

చంటి తన కుర్చీలోకి వెళ్లి ఫైలుని ఒక్కసారే ఇంపోర్ట్ చేశాడు. అత్తగారు, మేనత్త, తోడల్లుడు వరసగా ఎర్రగా వచ్చారు. వాళ్ల కింద బావమరిది వచ్చింది. అదీ ఎర్రగానే ఉంది.