పక్కా వెల్డింగ్

నా షాపుల రెండే మాటలు నడుస్తయి. కచ్చా, పక్కా. ఇనుపముక్కను జాగల నిలబెట్టనీకె రెండు చుక్కలు అంటిస్తే కచ్చా. కొలత సరిచూసుకొని, సందు లేకుంట నిండుగ కొడితే పక్కా. ఇరవై ఆరేండ్ల సంది మానుకోటల గేట్లు, ట్రాలీలు, రేకుల షెడ్లు గీ రెండు మాటల మీదనే చేస్తున్న. గా పక్కా అన్న మాటనే నా ఇజ్జత్ తీసింది.

బోడగుట్ట తండా నుంచి జైపాల్ వచ్చిండు. ముప్పై ఏండ్లుంటయి. ఇంజను జోరు నాలుగు చక్రాలకు అందే పికప్ బండి, సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. షోకుకు కాదు. వాళ్ల బాపు మంగ్యాకు రెండు కిడ్నీలు ఖరాబైనయి, సోమవారం, గురువారం మానుకోట దవాఖానకు తెచ్చి రక్తం కడిగియ్యాలె. తండాకు, తారు రోడ్డుకు నడుమ వాగుంది. వాగు నిండ రాళ్లే. ఇంజను కింద ఆయిలుండే చాంబర్ ఆ రాళ్లకు తగిలి రెండుసార్లు పగిలింది. రెండోసారి పగిలినప్పుడు ఒక గురువారం పోయింది. సోమవారం దాక ముసలాయన కాళ్లు, మొఖం వాచి, పండుకుంటే ఊపిరాడక మంచం మీద కూసునే తెల్లారిచ్చిండట.

"మళ్లొక్కసారి తప్పితే బాపు నాకు దక్కడు కొండలన్నా. చాంబర్ కింద గార్డు కట్టు. పక్కా చెయ్యి, ఊడద్దు," అన్నడు.

బజార్ల దొరికే గార్డు సంగతి నాకెర్కే. బిస్కెట్ డబ్బా రేకు దానికన్న నయం. అందుకే భూపాలపల్లి పోయి లచ్చయ్య పాత ఇనుప సామాన్ల దుక్ణంల బొగ్గుబాయి డంపర్ తొట్టి ప్లేటు ఏరుకొచ్చిన. టన్నులకు టన్నుల బండలు మోసి గూడ సొట్టవడని ప్లేటది. తెచ్చినప్పుడు మస్తు కుష్ అయిన. పని మొదలువెట్టినంక తెలిసింది దాని సంగతి.

వంచుదామంటే వంగది. ఎర్రగ కాల్చి సుత్తెతోని కొడితే నా భుజం గుంజింది గని ప్లేటు మాట ఇనలే. ఒక పూటంత కొట్టి కొట్టి నాలుగు దిక్కుల అంచులు పైకి లేపేవరకు అది పెద్ద తాంబాళం లెక్క తయారైంది. ఇగ బోల్టులకు బొక్కలు వెడదామని డ్రిల్ పెడితే బిట్టు ఇరిగింది. రెండోది పెట్టిన, అది గూడ ఇరిగింది. మూడోది ఇరిగి ముక్క వచ్చి నా గదువకు తాకింది. ఇగ నా దిమాక్ ఖరాబైంది.

గప్పుడే జైపాల్ ఫోను పట్టుకొని ముంగట నిలవడ్డడు. "గీ వీడియోల సూడన్నా, వీళ్లు బోల్టులు పెట్టిండ్రు. నడుమల ఒక బొక్క గూడ ఉంది."

"అయితే ఆ వీడియోల ఉన్నోణ్నే పిలిపిచ్చుకో పో. నేనెందుకు నీకు?" అన్న.

పాపం, వాడు ఫోను జేబుల పెట్టుకున్నడు. అవసరం వానిది గదా, ఏమంటడు. నేను గ్రైండర్ ఆన్ చేసిన. ఆ చప్పుట్ల వాడు నా చెవుకాడికొచ్చి, కొత్త చాంబర్ బిగిచ్చిన మెకానిక్ విద్యాసాగర్ ఏదో చెప్పిండన్నడు. వారం తిరిగినంక చాంబర్ అడుగున ఆయిల్ బోల్టు మళ్లొకసారి బిగియ్యాలెనట. నేను ఆ ఆ అన్న. ఇన్న. ఇనలేదంటే అబద్ధమైతది.

గ్యాస్ కట్టర్ నా ఎనుకనే ఉండె. ఆయిల్ బోల్టుకు పానా అందేటట్టు ప్లేటుకు బొక్క కొట్టనీకె డ్రిల్ అక్కర లేదు, గ్యాస్ చాలు. గని అప్పటికి నాకు ఆ ప్లేటు మొఖం సూడబుద్ధి కాలే. పక్కా చెయ్యి, ఊడద్దు అన్నడు గదా, ఊడకుంటనే చేస్తనని, నాలుగు ఇనుప పట్టీలు వేసి ప్లేటును చాసిస్‌కే నిండుగ వెల్డింగ్ కొట్టిన. నా జిందగీల అంత మంచి వెల్డింగ్ కొట్టలే. జైపాల్ బండి కిందికి దూరి చూసి, నా చెయ్యి పట్టుకొని, "బతికిచ్చినవన్నా," అన్నడు. నేను ఛాతి పొంగిచ్చిన.

రెండో గురువారం పొద్దుగాల ఎనిమిదిన్నరకు ఫోనొచ్చింది.

"అన్నా, ఆయిల్ బత్తి ఎర్రగ ఎలిగింది. ఎంటనే ఇంజను బందు చేసిన. ఆయిల్ కొలిచే పుల్ల తీస్తే ఎండి ఉంది. గని కింద ఒక్క చుక్క గూడ కారలేదన్నా. ఏడికి పోయిందో సమజ్ అయితలేదు."

నాకు సమజ్ అయింది. విద్యాసాగర్ మళ్ల బిగియ్యమన్న బోల్టు వదులైంది, నా ప్లేటు అడ్డముండి దానికి పానా అందదు. కారిన ఆయిలంత నేను చేసిన తాంబాళంల నిలిచింది. గార్డు లేకపోతే మొదటి దినమే ఇంటి ముంగట మరక కనవడుతుండె. కనవడకుంట చేసింది నేనే.

వాగుకు అవుతల, తండా దిక్కే ఆగిపోయిండ్రు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వాగు దాటి రాలేమన్నరట. తండాల ఉన్న ఒక్క ట్రాక్టర్ తొర్రూరు పోయింది. మోటర్ సైకిల్ మీద ఎక్కిస్తే మంగ్యా కాళ్లు వేలాడేసుకొని పది గజాలు గూడ కూసోలేకపోయిండు. దవాఖానోళ్లను బతిమిలాడితే ఒంటిగంట దాక మంచం ఆపుతమన్నరు, ఆ తర్వాత ఇంకొకలకు ఇస్తమన్నరు.

ఏడు లీటర్ల ఆయిల్ డబ్బా, జాకీ, పానాలు, ఛేనీ, సుత్తె, హాక్సా బ్లేడ్లు సంచిల ఏసుకొని నా మోటర్ సైకిల్ తీసిన. గ్యాస్ కట్టర్ తీసుకపోలే. ప్లేటు నిండ ఆయిలుంటే దాని కాడ మంట పెడతమా? వాగు కాడ కరెంటు లేదు, గ్రైండర్ నడువది. ఉన్నా నిప్పురవ్వలు లేస్తయి. వాగు దాటి పోయేసరికి పది దాటింది.

బండిని జాకీతోని లేపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఈపు మీద పండుకొని లోపటికి జరిగిన. వెల్డింగ్ మీద ఛేనీ పెట్టి సుత్తెతోని గుద్దిన. ఊడలే. ఇంకో దెబ్బ, ఇంకో పది దెబ్బలు. ఛేనీ మొన మొండివోయింది గని నా వెల్డింగ్ చెక్కు చెదరలే. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇంకొకడు చేసిన పనైతే వాణ్ని తిట్టుకుంటే మనసు తేలికైతుండె. ఇదంత నా చేతి పనాయె, ఎవని తిట్టాలె.

ఇగ ముందటి రెండు పట్టీలను హాక్సాతోని కొయ్యవట్టిన. రెండు బ్లేడ్లు ఇరిగినయి. చెమట కండ్లల్ల పడుతుంటే తుడుచుకునే జాగ లేదు. పైన సీట్ల ముసలాయన ఊపిరి గుంజుకునే చప్పుడు నాకు ఇనవడుతనే ఉంది. జైపాల్ నిమిషానికొకసారి వంగి, "ఎంతసేపన్నా?" అని అడుగుతుండు.

"నన్నడిగితే బ్లేడు జల్ది తెగుతదా?" అని కసిరిన. మళ్ల నాకే పాపమనిపిచ్చింది. "కాకాకు గాలి తగిలేటట్టు తలుపు తెరిచి పెట్టు," అన్న.

పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువుండంగ రెండో పట్టీ తెగింది. ప్లేటు ముందటి కొస కిందికి వాలి, నల్లటి ఆయిలంత నా ఛాతి మీద, మెడ మీద కుమ్మరిచ్చింది. నేను చెయ్యి పెట్టి బోల్టును తడిమిన. వేళ్లతోనే తిరుగుతుంది. పానా పెట్టి ఒక్క సుట్టు బిగిచ్చిన, అంతే. వాలిన ప్లేటును తీగతోని పైకి కట్టి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే ఎర్రబత్తి ఆరిపోయింది. జైపాల్ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చిండు.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు దవాఖానల ఉన్నం. ముసలాయనను ఒక దిక్కు జైపాల్, ఇంకో దిక్కు నేను పట్టుకొని మంచం మీద పండవెట్టినం. ఒళ్లంత ఆయిలుందని సిస్టరమ్మ నన్ను తలుపు కాడికి ఎల్లగొట్టింది. ఆన్నే నిలవడి చూసిన. మంగ్యా మెడ కింద ఒక పైపు పెట్టి ఉంది. దానికి రెండు చిన్న మూతలున్నయి. సిస్టరమ్మ వాటిని తిప్పి తీసి మిషన్ గొట్టాలు తగిలిచ్చింది. రక్తం గొట్టాలల్ల తిరగవట్టింది.

జర సేపటికి ముసలాయన కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు.

"కొండలూ, చూసినవా బిడ్డా. వీళ్లు నాకు ఇప్పే మూత పెట్టిండ్రు. సోమారం ఇప్పుతరు, గురారం ఇప్పుతరు. నీ లెక్క పక్కా కొట్టి ఉంటే నేనెప్పుడో పోతుంటి," అన్నడు.

జైపాల్ నవ్విండు. సిస్టరమ్మ గూడ నవ్వింది. నాకు నవ్వు రాలే. తల వంచుకొని బయటికొచ్చిన.

ఆ పొద్దే బండిని షాపుకు తెప్పిచ్చుకున్న. ప్లేటు మొత్తం ఊడదీసి, ఆయిల్ కడిగి, పట్టీలకు బోల్టులు పెట్టిన. ఆఖరుకు గ్యాస్ ముట్టిచ్చి, చాంబర్ బోల్టు కిందికి వచ్చే జాగల బొక్క కొట్టిన.

పది నిమిషాలు గూడ పట్టలే.