ఒకే నంబరు మీద ముగ్గురు

"మా అత్తయ్యకి ఐదో నెలా?" స్క్రీన్ చూసి కోడలు నోరు తెరిచింది.

డాక్టరమ్మకు నవ్వే ఓపిక లేదు. మంచం మీద పెద్దావిడ జ్వరంతో కాలిపోతోంది. పాదం మీద పుండు చీము పట్టి, ఎరుపు మోకాలు దాటింది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించాలి, లేదా వాంకోమైసిన్. ఆస్పత్రిలో ఉన్నవి ఆ రెండే. వాటిలో ఒకటి నిరుడు ఇక్కడే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. అప్పుడు చూసిన డాక్టరు మానేసి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు.

"తెల్లటి పొడమ్మా. నీళ్లు కలిపి ఎక్కించారు," అంది పెద్దావిడ.

"రెండూ తెల్ల పొడే పెద్దమ్మా." డాక్టరమ్మ కంప్యూటరమ్మాయి వైపు తిరిగింది. "ఆవిడకి పడని మందు పేరు కంప్యూటర్లో రాసే ఉంటారు. తొందరగా చూడు."

కంప్యూటరమ్మాయి ఫోన్ నంబరు మళ్లీ కొట్టింది. మళ్లీ కోడలే వచ్చింది. వయసు ఇరవై ఆరు, ఐదో నెల, పడని మందులు లేవు. పెద్దావిడ పేరుతో వెతికింది. అలాంటి మనిషే లేదంది మెషీన్.

"లేకపోతే ఈ మంచం మీద పడుకున్నదెవరే?" మూలుగుతూనే అడిగింది పెద్దావిడ.

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఎవడో కావాలని తుడిచేశాడు! ఎవడు?"

తుడిచినట్టు గుర్తు ఎక్కడా లేదు. మొన్న ఒక మార్పు మాత్రం ఉంది. చేసింది కౌంటర్ దగ్గరి జెట్ అన్న. క్యూని క్షణాల్లో ఖాళీ చేస్తాడని అందరూ పెట్టిన పేరది.

"నన్నంటారేంటి?" జెట్ అన్న గయ్యిమన్నాడు. "ఈ చెల్లెమ్మ స్కానింగ్‌కి వచ్చింది. నంబరు కొడితే ఎవరో మగమనిషి వివరాలు వచ్చాయి. తప్పు పడ్డాయనుకుని పేరు, వయసు సరిచేసి సేవ్ కొట్టా."

"మగమనిషా?" కంప్యూటరమ్మాయి తల గిర్రున తిరిగింది. "అత్తగారు పోయి మగమనిషెలా వచ్చాడన్నా?"

"నాకేం తెలుసు? నేను గారడీ చేశానా?"

"పాత కాపీ ఎక్కించెయ్!" అన్నాడు మేనేజర్.

"దీని మీద ఎక్కిస్తే, ఆ కాపీ తీశాక వచ్చిన పేషెంట్లందరూ మాయమైపోతారు సార్. పక్కన విడిగా తెరుస్తా, చూడ్డానికే."

ప్రతి ఆదివారం తీసే కాపీలు వేరే డిస్కులో ఉన్నాయి. పోయిన వారానిది తెరిచి అదే నంబరు కొట్టింది. ముప్ఫై నాలుగేళ్ల మగమనిషి, చేతికి కుట్లు.

"మా ఆయన!" అంది కోడలు. "పోయిన నెల గాజు గుచ్చుకుంది. నంబరు కూడా ఆయనదే. ఇంట్లో ఎవరికి బాగోకపోయినా అదే ఇస్తాం. నాకు నోటికొచ్చింది అదొక్కటే."

కంప్యూటరమ్మాయికి సంగతి అర్థమైంది. గబగబా చెప్పింది. "ఈ మెషీన్‌కి మనిషంటే ఫోన్ నంబరే సార్. ఒక నంబరుకి ఒకే వరస, అందులో ఒక్క మనిషికే చోటు. ముందు అత్తగారిది ఉంది. కొడుకొచ్చాడు, ఆవిడ వరసలోనే అతని వివరాలు రాశారు. కోడలొచ్చింది, అతని మీద ఈమెవి. ఒక్కొక్కరికీ మనమే వేరే నంబరు ఇచ్చుంటే ముగ్గురూ ఉండేవాళ్లు."

"అంటే అత్తయ్యని మేమే చెరిపేశామా?" అంది కోడలు.

"పాఠాలు తర్వాత!" డాక్టరమ్మ కసిరింది. "ఎరుపు తొడ మీదికి పాకుతోంది. ఊరికే ఊహించి ఎక్కించలేను."

కొడుకు రాకముందు తీసిన కాపీ కావాలి. ఒకటి తెరుచుకోనేలేదు. దానికి ముందుది తెరిచినా కుట్ల చెయ్యే. "ఈయనెన్నిసార్లు వస్తాడ్రా నాయనా!" అన్నాడు జెట్ అన్న. పెద్దావిడ మూలుగు ఆగిపోయింది. నర్సు వంగి నాడి పట్టుకుంది.

ఇంకో కాపీ. అదే నంబరు.

స్త్రీ. వయసు అరవై ఒకటి.

"వచ్చింది! ఆవిడే!" కంప్యూటరమ్మాయి స్క్రీన్ కిందికి జరిపింది. పడని మందులు అన్న గడి ఖాళీగా లేదు.

"గట్టిగా చదువు," అంది డాక్టరమ్మ.

"సెఫ్ట్రియాక్సోన్!"

"అయితే వాంకోమైసిన్ ఎక్కించు," అంది డాక్టరమ్మ నర్సుతో.