విప్పేసిన టోపీ

అత్తగార్లకి అల్లుడంటే ఎంత మోజో, నాకు అల్లడమంటే అంత మోజు. డిసెంబర్లో కూడా ఫ్యాను తిరిగే రాజోలులో ఊలుతో పనేమిటని మీరడగొచ్చు. మా ఆయన, శ్రీరామమూర్తి మేష్టారూ అదే అడిగేవారు. అయినా అల్లేవాళ్ళం, ముగ్గురం. బళ్ళో కుట్టు టీచరు దానమ్మగారు మాకు గురువు. నేనూ, పక్కింటి ఆదిలక్ష్మీ శిష్యులం. మూడయ్యేసరికి మా వసారాలో చేరేవాళ్ళం. చేతుల్లో ఊలు, నోళ్ళలో ఊళ్ళో కబుర్లు.

"మీది అల్లికా, అల్లరా?" అనేవారు మా ఆయన.

"రెండిటికీ ఒకటే దారమండీ!" అనేదాన్ని, వీధి చివరికి వినపడేలా. నా గొంతు అలాంటిది. ఆ గొంతుకి ఉండ అడ్డం పడ్డ రోజొకటుంది.

ఆదిలక్ష్మికి అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. తొంభై ఏడులో మూడోసారి నిలిచింది. మా వైపు ఓ పట్టింపుంది. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డకోసం ఏదీ కొనకూడదు, కుట్టకూడదు. ముందే సిద్ధం చేస్తే దక్కదంటారు. మొదటిసారి ఆదిలక్ష్మి ముచ్చటపడి చిన్న చిన్న చొక్కాలు కుట్టించుకుంది. తరవాత వాటినేం చేసిందో మేం అడగలేదు. ఈసారి మాత్రం పసిపిల్లల సబ్బు ప్రకటన కనపడినా పేపరు తిప్పేసేది. అందుకని ఆమె ఎదురుగా మేం మఫ్లర్లే అల్లేవాళ్ళం. రాజోలులో మెడంటూ ఉన్న ప్రతివాడికీ మా మఫ్లరుంది.

కానీ నా చేతులు ఊరుకుంటేనా! పసుప్పచ్చ ఊలు చిన్న ఉండొకటి మిగిలింది. పట్టింపులు నాకు పట్టవులే అనుకుని, ఆయన బడికెళ్ళాక తలుపేసుకుని, అరచేతిలో పట్టేంత టోపీ అల్లేసేను. మిగిలిన ఊలుతో పాటు బియ్యం డబ్బాలో దాచేను. దానమ్మగారికి కూడా చెప్పలేదు. నా జన్మలో నేను కడుపులో దాచుకున్న రహస్యం అదొక్కటే.

టోపీ పూర్తయిన నాలుగోనాడు, ఇంకా పాలు కూడా రాకముందే, ఆదిలక్ష్మికి నొప్పులొచ్చేయి. ఏడవ నెల దాటి వారమే అయింది. "ఏడవ నెల దాటేసింది, ఇంక ఏడవనక్కర్లేదే" అని పరాచికమాడింది నేనే. రాజోలు డాక్టరమ్మ చూసి, "నెలలు నిండని కాన్పు, నా వల్ల కాదు, అమలాపురం తీసికెళ్ళండి" అంది. ఆదిలక్ష్మి భర్త ఆంజనేయప్రసాద్ కారు మాట్లాడుకుని, దానమ్మగారిని కూడా ఎక్కించుకొచ్చేడు. నేను ఇంట్లోకి పరిగెత్తి, బియ్యం డబ్బాలోంచి టోపీ, ఊలూ తీసి సంచిలో కుక్కుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? ఇంట్లో వదిలెయ్యడానికి భయమేసింది. అంతే.

పాశర్లపూడి రేవులో మంచు. అవతలి ఒడ్డు లేదు, అసలు గోదారే లేదు. కార్లని ఏరు దాటించే పెద్ద పడవ, పంటు మీదికి మా కారు ఎక్కింది గానీ, పంటు కదల్లేదు.

"ఇంకెంతసేపండీ బాబూ?" ఆంజనేయప్రసాద్ గొంతు పీలగా ఉంది.

"మంచు విడాలండి," అన్నాడు పంటు నడిపే జగ్గారావు. "కనపడకుండా వదిలేనంటే ఇసకమేటెక్కి కూర్చుంటామండి. అప్పుడు అమ్మగారి గతేటండి?"

"ఆయ్... ఆయ్," అన్నాడు ఆంజనేయప్రసాద్.

కారులో ఆదిలక్ష్మి దానమ్మగారి ఒళ్ళో తల పెట్టుకుని మూలుగుతోంది. నేను పంటు అంచున నిలబడ్డాను. పంటు మీద పంటికి పన్ను కొట్టుకుంటోంది. అది చలి కాదు. టోపీ. నేనే, ఈ చేతులతోనే, మూడో బిడ్డని కూడా... సంచిలో చెయ్యి పెట్టేను. చివరి ముడి గోటితో తెంపి దారం లాగేను. ఒక్కో వరసా టపటపా విడిపోతూ వచ్చింది. నాలుగు రోజుల పని నాలుగు నిమిషాలు పట్టలేదు. విప్పేస్తే అల్లనట్టే అనుకున్నాను. దేవుడు అంత దూరంనించి చూస్తే తేడా తెలీదనుకున్నాను.

వెనక దానమ్మగారు నిలబడి ఉంది. మంచినీళ్ళకోసం దిగిందట. నా చేతిలో పసుప్పచ్చ చిక్కు చూసి, నా సంచిలోని నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మంచు విడ్డాక పంటు కదిలింది. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి చేరేసరికి ఏడుంపావు. ఏడూముప్పావుకి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడలేదు. చాలాసేపటికి పిల్లికూనలా ఓ చిన్న కూత వినపడింది.

నర్సు వీరమ్మ బయటికొచ్చింది. "కేజీన్నర లేదండి. ఒళ్ళు చల్లబడిపోతంది. వెచ్చగా ఉంచే పెట్టెలో ఇప్పటికే కవలలున్నారండి. బల్బు కింద పెట్టి ఒళ్ళంతా దూది చుట్టేం. కాకినాడ పంపాలన్నా ముందు వేడి నిలబడాలన్నారు డాక్టరుగారు. తల మీంచే వేడంతా పోతంది. గుడ్డ కడతంటే జారిపోతంది. ఊలు టోపీ ఏదైనా తెచ్చుకున్నారా?"

కడుపు చల్లగా ఉండమ్మా అని ఆదిలక్ష్మిని ఎన్నిసార్లు దీవించేనో! ఆ చల్లదనం ఇలా వచ్చి కూర్చుంది.

"లేదండి," అన్నాడు ఆంజనేయప్రసాద్. "పట్టింపండి. ఏమీ తెచ్చుకోలేదండి."

కొట్లు తియ్యలేదు. అతను వీధిలోకి పరిగెత్తి, టీకొట్టాయన నెత్తిమీది మంకీ క్యాపు పట్టుకొచ్చేడు. బీడీ వాసన. వీరమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "దీంట్లో పిల్ల మొత్తం పట్టేస్తదండి బాబూ!" అని తిరిగిచ్చేసింది. ఇంకోరోజైతే నేను నవ్వి నవ్వి గోడలు కూల్చేదాన్ని.

నేను దానమ్మగారి చెయ్యి పట్టుకున్నాను. "దానమ్మగారండీ, నా దగ్గరుంది. ఉండేది. నేనే అల్లి పిల్ల మీదికి తెచ్చేను, నేనే విప్పి..."

"ఇందిరమ్మగారండీ," దానమ్మగారు నా సంచి లాక్కుంది. "ఆ ఏడుపు మధ్యాహ్నానికి పెట్టుకోండి. ప్రసాదుబాబూ, ఆ పెరట్లో కొబ్బరి కమ్మ పడుంది చూడండి. నాలుగీనెలు చీల్చి తీసుకురండి. మధ్యలో లావుగా ఉండేవి, పచ్చివి."

స్టీలు సూదులు దొరకని రోజుల్లో ఆవిడ మాకు కొబ్బరీనెల మీదే నేర్పింది. అతను తెచ్చిన ఈనెల్ని ఆవిడ బ్లేడుతో గీకి, మొన తీసి, సిరంజులు మరిగించే నీళ్ళలో వీరమ్మ చేత వేయించింది. ఊలు ఉండకి రెండు చివర్లు. ఒకటి ఆవిడ పట్టుకుంది, ఒకటి నాకిచ్చింది.

"ముందు సగం మీరు, వెనక సగం నేను. దబ్బకాయంత తల. ఒక్కో సగానికి ఇరవై ఎనిమిది కుట్లు, అంతే."

ఇరవై ఎనిమిది వెయ్యడానికి మూడుసార్లు లెక్క తప్పేను. ఈనె పట్టు జారుతోంది. లోపల్నించి ఏ చప్పుడూ లేకపోతే ఆగిపోయేదాన్ని. చిన్న కూత వినపడితే మళ్ళీ మొదలెట్టేదాన్ని. దానమ్మగారు తల ఎత్తలేదు. "కుట్టు జారితే జారనీండి, వెనక్కి చూడకండి. చిల్లుంటే చెవి కనపడతది, అంతే కదా."

"నా వల్లేనంటారా?"

"మంచు మీరే కురిపించేరా? పెట్టెలో కవలల్ని మీరే పెట్టేరా? అల్లండి."

మధ్యలో ఒకసారి వీరమ్మ తలుపు తీసి, అల్లిక ఎంతవరకొచ్చిందో చూసి, మళ్ళీ వేసేసింది. గంటా పది నిమిషాలకి రెండు సగాలూ కలిపి కుట్టేం. అదేం టోపీ! ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. వీరమ్మ దాన్ని స్టీలు ట్రేలో పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

పదకొండింటికి మమ్మల్ని లోపలికి రానిచ్చేరు. పిల్ల బల్బు కింద ఉంది. పసుప్పచ్చ టోపీ తప్ప ఏమీ కనపడట్లేదు. డాక్టరుగారు, "కాస్త వేడెక్కింది. మధ్యాహ్నం అంబులెన్సు వస్తుంది, కాకినాడ పంపుతున్నాం. మూడురోజులు గడవాలి, ఇప్పుడే ఏం చెప్పలేను," అనేసి వెళ్ళిపోయేరు.

ఆదిలక్ష్మి సెలైను కిందనించి ఆ టోపీనే చూస్తోంది.

"అక్కా, ఆ ఊలు... నీ దగ్గర ముందే ఉందా?"

దానమ్మగారు నా చెయ్యి నొక్కింది, చెప్పొద్దన్నట్టు. నా నోరు మాత్రం ఎప్పుడు నా మాట విందని?

"ఊలే కాదే. టోపీయే ఉంది. నాలుగురోజుల కిందటే అల్లేను. నీకు నొప్పులొచ్చేయంటే భయమేసి పంటు మీద విప్పేసేను. ఇక్కడ మళ్ళీ అల్లేం."

ఆదిలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడదనుకున్నాను.

"విప్పకపోతే," అంది కళ్ళు తెరిచి, "దానికి గంటపైన చలి తప్పేది కదక్కా."

నేను సంచిలో మిగిలిన ఊలు వంక చూసేను.

"ఊలు ఇంకా ఉందా?"

"కొంచెం ఉంది."

"ఇంకోటి అల్లు. పెద్దది."

"ఆదిలక్ష్మీ, మూడురోజులు గడవనీవే. డాక్టరుగారు..."

"ఇప్పుడే అల్లు." సెలైను లేని చెయ్యెత్తి, వేళ్ళు చాపి గాల్లో కొలత చూపించింది. అది పసిపిల్ల తల కాదు. రెండు జడలేసుకుని బడికెళ్ళే పిల్ల తల.

నేను దానమ్మగారి వంక చూసేను. ఆవిడ తడారిన ఈనెలు నా చేతిలో పెట్టింది. అంత తలకి ఒక్కో సగానికి యాభై కుట్లు కావాలి. బల్బు కింద ఆ పసుప్పచ్చ ముద్ద కదులుతోందో లేదో చూడటానికి ధైర్యం చాలక తల దించుకుని, మొదటి కుట్టు వేసేను.