గంటసేపటి గొంతు

రేపు ఉదయం ఏడింటికి పెద్దాయనకు ఆపరేషన్. గొంతులోని గడ్డతో పాటు స్వరపేటికనూ తీసేస్తారు. ఈలోపు రోజుకు గంటకు మించి మాట్లాడిస్తే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ గంట కోసం ముందుగదిలో మూడు సేవాసంస్థల వాళ్లు కూర్చుని ఉన్నారు.

ఆయన నలభై ఏళ్లు చిత్తడి నేలల్లో పడవ నడిపిన మనిషి. రెల్లుపొదల్లో నక్కి ఎవరి కంటా పడని ఒక జాతి కొంగను అచ్చం దానిలాగే పిలుస్తాడు. ఆ కూత మైకులో వినిపిస్తే కొంగలు బదులిస్తాయి, ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. పక్షుల సంస్థ తరఫున భార్యాభర్తలు వచ్చింది అందుకే. పడవవాళ్ల పాటలన్నీ తెలిసినవాడు ఇక ఆయనొక్కడే గనక పాత పాటలు భద్రపరిచే సంస్థ ఒక సంగీతం మాస్టారిని పంపింది. మూడో ఆవిడ రోగుల సంస్థ నర్సు. రోజువారీ మాటలు ఇప్పుడు రికార్డు చేస్తే, రేపటి తర్వాత ఆయన మీట నొక్కినప్పుడల్లా ఒక చిన్న యంత్రం ఆయన గొంతుతోనే పలుకుతుంది.

వరస పెట్టింది కూతురే.

"ఆ పక్షులవాళ్లూ, మాస్టారూ ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. ముందు వాళ్లది కానివ్వండి."

"ముందు మీది చూసుకోమ్మా," అంది నర్సు.

"బాగుండదండీ. మాది ఇంటి పనేగా, చివర్లో చూసుకుంటాం."

"నా పెళ్లిలో కూడా నాకింత గిరాకీ లేదే," అన్నాడు తండ్రి బొంగురుగా. "మీ అమ్మ చూసుంటే కుళ్లుకునేది."

"మాటలు దాచుకో నాన్నా."

"దాచి ఎవరికిచ్చి పోవాలే?"

కొంగ కూతకు ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో వీధికుక్క మొరిగితే మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత పాటలు. మాస్టారు ప్రతిసారీ చేతులు జోడించి "ఇంకొక్క చరణం" అన్నాడు. కూతురు గడియారం చూసింది. నర్సు కూతుర్ని చూసింది. తండ్రి కళ్లు మూసుకుని, కుడిచేత్తో లేని తెడ్డు వేస్తూ పాడుతున్నాడు. ఎలా ఆపుతుంది?

నర్సు వంతు వచ్చేసరికి మిగిలింది పది నిమిషాలు.

"నీళ్లు కావాలి." "లైటు తీసెయ్యండి." "నొప్పిగా ఉంది."

పదిహేడో మాట దగ్గర గొంతు చీరుకుపోయింది. నర్సు లిస్టు మడిచేసింది.

"ఇంట్లో వాళ్లు వినాలనుకునే మాట ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పించండి. ఈ లిస్టు ఇక వదిలేద్దాం."

కూతురికి సిగ్గేసింది. నలభై దాటాక, పరాయివాళ్ల ముందు, అడగడానికి అదేం మాట? అయినా వంగి తండ్రి చెవిలో చెప్పింది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వు దగ్గయింది, దగ్గు తెరలు తెరలుగా ఆయన్ని కుదిపేసింది. తేరుకుని మైకు దగ్గరికి జరిగాడు.

"ఒసే బుడంకాయ్" అని పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

నర్సు యంత్రం వంక చూసి తల అడ్డంగా ఊపింది. "ఇంకోసారి, పెదనాన్నగారూ."

మళ్లీ గాలే. మూడోసారి ఆయన మెడనరాలు ఉబ్బడం చూసి కూతురు మైకును అరచేత్తో మూసేసింది.

"చాలు. ఆపేయండి."

నర్సు వైర్లు చుట్టుకుంది. తండ్రి పెన్సిలు అందుకుని లిస్టు వెనక రాశాడు.

'ఆఖరి పాటలో రెండో చరణం తప్పు పాడాను. మాస్టార్ని పిలువు, సరైంది రాసిస్తాను.'

ఆమె చదివింది. రెండోసారీ చదివింది. కాగితం చిన్నగా మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు నాన్నా," అంది.

గుమ్మం బయట మాస్టారు ఇంకా చెప్పులు వేసుకుంటూనే ఉన్నాడు.