తొక్క నూనె

పుల్ల నారింజ తొక్కలు గీరి, గుడ్డలో వేసి నూనె పిండడం ఈ చలికాలం కూడా నా పనే. పిండాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. "లేకపోతే రొట్టెల పిండికి వాసన పట్టేస్తుందే!" అంటుంది మా అత్తగారు. ఆవిడ బెంగ ఎప్పుడూ పిండి గురించే.

నా పెళ్లైన మూడో రోజు ఆ నూనెనే దోసిట్లో పోసుకుని ఆవిడ నా మెడకి రాసింది. "చూడ్డానికొచ్చినవాళ్లకి కొత్త కోడలు ఘుమఘుమలాడాలి" అంది. మా ఆయన రిధా గుమ్మంలో నిలబడి నవ్వుతూ చూశాడు. ఆ వెంటనే కుస్కుస్ రవ్వ ఆరబోయమని నన్ను డాబా ఎక్కించారు. జూలై ఎండ. మర్నాటికల్లా మెడంతా బొబ్బలు. "ఎక్కణ్నుంచి తెచ్చావురా ఈ వెన్నముద్దని, ఈపాటి ఎండకే కరిగిపోయింది!" అని అత్తగారు కొడుకుతో ఎగతాళిగా అంది. బొబ్బలు మానాయి. చెవి కింద నుంచి భుజం దాకా నల్లమచ్చ ఉండిపోయింది. రిధా పండగ పండక్కీ నాకు స్కార్ఫ్ కొంటాడు. "మెడ కప్పుకో వసీలా, ఫొటోలో పడుతుంది" అంటాడు. ఆ వేసవి తర్వాత అతని చెయ్యి నా మెడ మీదికి రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. తొమ్మిదేళ్లుగా నేను నా చర్మాన్నే తిట్టుకుంటున్నాను.

మా ఊరు నబుల్ బజారులో ఉన్న మా నూనెల కొట్టుకి రోజూ భోజనం పట్టుకెళ్తాను. గిన్నె పెట్టేసి వచ్చేస్తాను. ఇవాళ బేరం నడుస్తుంటే ఆగాల్సి వచ్చింది. రాజధాని నుంచి వచ్చిన ఒకావిడకి రిధా ఎంతో ఓపిగ్గా చెబుతున్నాడు.

"నారింజ పువ్వు నూనెకి ఎండ భయం లేదమ్మా. ఇది తొక్క నూనె. ఉత్తదే ఒంటికి రాయకండి. చెంచా ఆలివ్ నూనెలో ఒక్క చుక్క చాలు. రాసుకున్న చోట ఆ రోజంతా ఎండ తగలనివ్వద్దు, బొబ్బలెక్కుతుంది. పొయ్యి దగ్గర పెట్టకండి, పిల్లలకి అందనివ్వకండి."

ఆవిడ వెళ్లేదాకా గిన్నె పట్టుకునే నిలబడ్డాను.

"ఎండ సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"అదేం ప్రశ్న? మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. నూనె అమ్మేవాణ్ని, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఆ రోజు అత్తయ్య రాస్తుంటే అక్కడే ఉన్నారుగా."

రిధా గిన్నె అందుకుని, మూత తీసి పులుసులోకి చూశాడు. "పెళ్లై మూడ్రోజులే కదా. నీకోసం అమ్మని కాదంటే ఏం బాగుంటుంది చెప్పు?"

నా మెడ కన్నా అమ్మ మాట పెద్దదైంది అతనికి. గిన్నె అతని నెత్తిన బోర్లించాలనిపించింది. అంతలో ఒక తల్లి, కూతుర్ని వెంటపెట్టుకుని కొట్లోకి వచ్చింది.

"మా పిల్లకి వచ్చే నెల పెళ్లి. ఒంటికి రాసే నూనె ఏదైనా ఇవ్వు నాయనా."

నేను స్కార్ఫ్ ముడి విప్పి బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల నా మెడ చూసి ఒకడుగు వెనక్కి వేసింది.

"మెడ కప్పుకో వసీలా" అన్నాడు రిధా మెల్లగా.

"దగ్గరికి రామ్మా, బాగా చూడు" అన్నాను ఆ పిల్లతో. "తొక్క నూనె రాసి ఎండలోకి పంపితే ఇలా అవుతుంది. మీ అత్తగారు రాయబోతే నువ్వే వద్దని చెప్పు. మీ ఆయన చెబుతాడని మాత్రం చూడకు."