తులసమ్మ పగలగొట్టిన కుండ

"ఆ గ్లాసు కింద పెట్టవే! జూన్‌లో హైస్కూల్లో చేరాల్సినదానివి, పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు తాగితే ఎలా? ఇప్పట్నించే అలవాటు చేసుకో. అక్కని చూసి నేర్చుకో" అంటూ పున్నమ్మ చిన్నకూతురు ఉమ చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

అక్క తులసమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మామిడికాయలు కోరుతోంది. ఆ రోజు తులసమ్మ ఎస్సెల్సీ క్లాసుకి బళ్ళో వీడ్కోలు సభ. మగపిల్లలు ఉపన్యాసాలిస్తారు, ఆడపిల్లలు పులిహోర తెస్తారు. ఈ పంపకం క్లాసు మాస్టారు లక్ష్మీనరసింహారావు గారిది. సొన తగిలి వేళ్ళు చుర్రుమంటున్నాయి. అయినా తులసమ్మని మండించింది సొన కాదు, తల్లి మాట. అక్కని చూసి నేర్చుకోవాలట! అక్క ఏం నేర్చుకుందో ఈ ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికి తెలుసు గనక?

ఆ బళ్ళో ఆడపిల్లలు మాస్టారి వెనకాలే క్లాసులోకి వచ్చి, మాస్టారి వెనకాలే బయటికి వెళ్ళాలి. మిగతా వేళల్లో హెడ్మాస్టారి గది పక్కనున్న కొట్టులాంటి గదిలో ముడుచుకు కూర్చోవాలి. రోజూ పొద్దున్నే నూతిలోంచి నీళ్ళు తోడి క్లాసులో మంచినీళ్ళ కుండ నింపడం మాత్రం వాళ్ళ పనే. ఆడపిల్లల చెయ్యి శుభ్రంగా ఉంటుందని మాస్టారు మెచ్చుకున్నారు కూడాను. ఆ శుభ్రమైన చేతులతో నింపిన నీళ్ళు మగపిల్లలు గడగడా తాగేవాళ్ళు. తాగి, ప్రహరీగోడ పక్కకి దర్జాగా వెళ్ళొచ్చేవాళ్ళు. ఆడపిల్లలు ఎక్కడికి వెళ్తారు? వెనకాల మామిడితోట, తోటనిండా కాపలావాళ్ళు, కోతికొమ్మచ్చులాడే మగపిల్లలు. అందుకని వాళ్ళు ఒక్క చుక్క తాగేవాళ్ళు కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా సరే, ఇంటికి వచ్చాకే.

రెండేళ్ళ కిందట ఫోర్త్ ఫారంలో ఉండగా తులసమ్మకి జలుబు చేసిందని పున్నమ్మ మిరియాల కషాయం తాగించి పంపింది. ఆ రోజు లెక్కల క్లాసు ఎంతకీ వదల్లేదు. క్లాసునిండా ఉన్న మగపిల్లల ముందు లేచి "బయటికి వెళ్తానండీ" అనడానికి నోరు రావాలి కదా, రాలేదు. గంట కొట్టాక మాస్టారి వెనకాల నడుస్తూ గుమ్మం దాకా వచ్చింది. ఇక ఆగలేదు. పరికిణీ లోపల కాళ్ళమీద వెచ్చగా జారుతోంది. పక్కనే స్టూలు మీద కుండ. ఆలోచించలేదు. అంచు పట్టుకుని మీదకి లాగేసుకుంది. కుండ భళ్ళున పగిలింది, నీళ్ళు తులసమ్మనీ గుమ్మాన్నీ కలిపి ముంచేశాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని మాస్టారు తిట్టారు. ఆ తిట్టు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ పసిగట్టలేదు! ఆ రోజునుంచి క్లాసంతటికీ ఆమె 'కుండ తులసి' అయిపోయింది. పిలిచినప్పుడల్లా తల దించుకునేది, పిలుపుకి కాదు, దాని అడుగున ఉన్నదానికి. ఏడుస్తూ చెబితే అమ్మ నోటిమీద చెయ్యి వేసింది. "ఎవరితోనూ అనకు. తెలిస్తే నీకు పెళ్ళవదు" అంది.

సాయంత్రం సభలో ముందు పులిహోర అయిపోయింది, తర్వాత జ్ఞాపకాలు మొదలయ్యాయి. మామిడికాయల వర్తకుడి కొడుకు పాండురంగారావు లేచాడు. తోటలో చిన్నరసాలు దొంగిలించి కాపలావాడికి దొరికిపోయిన సంగతి చెప్పాడు, మైలవరం టూరింగ్ టాకీసుకి చెప్పకుండా వెళ్ళొచ్చిన సంగతి చెప్పాడు.

"అన్నిటికన్నా మరపురానిది మా కుండ తులసి గారి వరదలండీ! ఆ రోజు మేం పడవ కట్టుకుని ఇంటికెళ్ళాం!"

హాలంతా ఘొల్లుమంది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. పక్కన కూర్చున్న విజయలక్ష్మి కూడా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. తులసమ్మ చెవుల దాకా ఎర్రబడిపోయి, భూమి చీలితే బాగుండుననుకుంది. ఇంకెంత, ఒక గంట. ఓర్చుకుంటే ఈ బడితో రుణం తీరిపోతుంది.

మాస్టారు లేచి, వెళ్ళే తరగతి ఆనవాయితీగా బడికిచ్చే కానుక ఈసారి గోడ గడియారమని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఆడపిల్లల తరఫున ఎవరైనా లేచి నమస్కారం పెట్టి కూర్చోండమ్మా" అన్నారు.

తులసమ్మ కళ్ళముందు పొద్దుటి గ్లాసు కదిలింది. అమ్మ లాక్కుంటే ఉమ పెట్టిన మొహం కదిలింది. లేచింది. నమస్కారం పెట్టింది గాని కూర్చోలేదు.

"గడియారం వద్దండీ. సాయంత్రం ఇంకెంతసేపట్లో అవుతుందో ఆడపిల్లలకి నిమిషం నిమిషం తెలుస్తూనే ఉంటుంది. ఆ డబ్బుతో ఆడపిల్లలకి ఒక మరుగుదొడ్డి కట్టించండి. తాటాకుల దడైనా చాలు."

మరుగుదొడ్డి! సభలో ఆడపిల్ల నోట ఆ మాట! వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు "అమ్మాయ్, కూర్చో" అని గద్దించారు. ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది. అయినా ఆ సిగ్గులోంచే మాట బయటికొచ్చింది.

"ఆ రోజు కుండ చెయ్యి జారలేదండీ. నా పరికిణీ తడిసిపోయింది. అది మీకెవరికీ కనపడకూడదని నేనే మీద పోసుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. పాండురంగారావు తల వంచుకున్నాడు. విజయలక్ష్మి పైట నోటికి అడ్డం పెట్టుకునే ఉంది గాని, ఇప్పుడు ఏడుస్తోంది.

తులసమ్మ వరస దాటి నడిచింది. ఏ మాస్టారి వెనకాలా కాదు, ఒక్కతే. సభ కోసం తనే తోడి నింపి హాలు గుమ్మం దగ్గర పెట్టిన కుండ దగ్గరికెళ్ళి, గ్లాసు ముంచి, ఆ బళ్ళో మొట్టమొదటిసారి కడుపునిండా నీళ్ళు తాగింది.