గుంట అడుగున మెరుపు

"గి... గి..." కాందిదో నోరు అక్కడే ఆగిపోయింది.

నా చేతిలో గిటారు బొమ్మ ఉన్న కార్డు. ఇందాక అదే బొమ్మ చూసి, "గిటారు. మా బావది కాదులెండి, దీనికి తీగలన్నీ ఉన్నాయి" అని అందరినీ నవ్వించాడు. కాందిదో అసున్సియోన్ నగర రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాత. మాటే అతని బతుకు. అందుకే మెలకువగా ఉంచి మెదడులో గడ్డ తీస్తున్నారు. ఆపరేషన్ సాగినంతసేపూ అతని చేత మాట్లాడించడం నా పని.

"డాక్టర్ గారూ, మాట పోతోంది!"

"ఇంకొంచెమే, ఎర్మెలిందా," అన్నాడు సర్జన్ రోకె వియల్బా. "తెర మీద చూడు, అడుగున గడ్డ ఇంకా ఎలా మెరుస్తోందో. వదిలేస్తే మళ్ళీ పెరుగుతుంది. ఏమయ్యా కాందిదో, ఆదివారం మా ఒలింపియా జట్టు చేతిలో మీవాళ్ళు చిత్తయ్యారు కదా, ఇంకా ఏడుస్తున్నావా?"

పొద్దున్నుంచి ఆ ఎత్తిపొడుపుకి రెండింతలు తిప్పికొట్టినవాడు ఇప్పుడు కళ్ళు మాత్రం కదిపాడు.

గడ్డ తీసిన గుంటలో వియల్బా ఉప్పునీరు నింపి, పైనుంచి అల్ట్రాసౌండ్ పరికరం ఆనించాడు. తెర మీద నీళ్ళు నల్లగా, వాటి కింద తెల్లటి చార. గడ్డ కూడా మొదట్లో అలాగే తెల్లగా కనిపించింది. ఒక పొర తీశాడు. నీళ్ళు నింపి చూశాడు. చార పోలేదు, కొంచెం కిందికి దిగిందంతే. మళ్ళీ తీశాడు.

గుర్రం. గొడుగు. చెప్పులు. నేను బొమ్మలు మారుస్తూనే ఉన్నాను. అతని వేళ్ళు నా మణికట్టును బిగించాయి. చూస్తూ ఉండడం తప్ప నా వల్ల ఏమవుతుంది?

"ఆపండి! ఒక్క మాటా రావడం లేదు!"

వియల్బా చెయ్యి ఆగింది. పరికరాన్ని పక్కకు జరిపి, నీళ్ళకు ఎడంగా, మెదడు అంచు మీంచి వాలుగా చూశాడు.

చార లేదు.

మళ్ళీ నీళ్ళ మీంచి. ఉంది. పక్కనుంచి. లేదు.

"గడ్డ ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత పోయిందంతా మంచి మెదడే," అన్నాడు మెల్లగా. "నీళ్ళలో శబ్దం బలం తగ్గదు. అందుకే అడుగున ఏమున్నా అలా మెరుస్తుంది. నీళ్ళు చేసిన పని."

"మాట తిరిగి వస్తుందా?"

"తెలీదు."

కాందిదో కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అతనికి అన్నీ వినిపిస్తున్నాయి.

"నీళ్ళు కోయలేదు డాక్టర్ గారూ. ఎవరు కోశారో అతనికి చెప్పండి."

కాందిదో తలకు అడ్డంగా కట్టిన గుడ్డ వెనకనుంచి వియల్బా మాట వినిపించింది.

"నేనే, కాందిదో. రోకె వియల్బాని."